ఇంగ్లీషు పాటకు పుట్టిల్లు నక్కలదొరువు బోరింగు

నక్కలదొరువులో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగదు, తాగితే ఉన్న దాహం తీరకపోగా ఇంకో దాహం పుట్టుకొస్తుంది. ఆ ఊరి బర్రెలు వాన కోసం ఆకాశం వంక చూసీ చూసీ మెడలు సాగి, చెట్ల కొమ్మలు మేసేదాకా ఎదిగాయని పక్క ఊళ్ళవాళ్ళు చెప్పుకుంటారు. అది కొంచెం ఎక్కువ చెప్పడమే. చిన్న కొమ్మలు మాత్రమే మేస్తాయి.

ఊరు మొత్తం మీద తియ్యటి నీళ్ళు పడింది ఒక్కచోట. పడమటి వీధి మొగదల బోరింగులో. అందుకే నక్కలదొరువుకు పిల్లనిచ్చేవాళ్ళు పొలం ఎంతని అడగరు. బోరింగుకు ఇల్లు ఎంత దూరమని అడుగుతారు.

ఆ లెక్కన ఊళ్ళోకల్లా గొప్పింటి కోడలు ఓబులమ్మ. ఆమె గడపలో కూర్చుని కాలు చాపితే బోరింగు చప్టాకు తగులుతుంది. కోడలిగా వచ్చిన ఏడాదే బోరింగూ వచ్చింది. అప్పటినించి దాని కాపలా అంతా ఆమె నోటిదే. ఎవరైనా వరస తప్పించి బిందె పెట్టినా, చెప్పులతో చప్టా ఎక్కినా, ఓబులమ్మ కూర్చున్న చోటినించి లేవకుండానే ఒక తిట్టు వదిలేది. ఆ తిట్టుకు బిందెలు వాటంతట అవే వెనక్కి జరిగి వరసలో నిలబడేవని మస్తానమ్మ ఒట్టేసి చెబుతుంది. మస్తానమ్మ పక్కింటి కోడలు, ఓబులమ్మ దగ్గర తిట్లలో శిష్యురాలు.

ఇలా తిట్లూ నీళ్ళూ సమంగా అందుతున్న రోజుల్లో, పట్నంలో శేషఫణి అనే ప్రొఫెసరు ఒక లావాటి పుస్తకం రాశాడు.

ఇంగ్లండులో బ్రాస్ బూట్స్ అని పేరుమోసిన రాక్ బృందం ఒకటి. జుట్టు పెంచుకుని, గిటార్లు తగిలించుకుని, ఒకప్పుడు ప్రపంచం మీద పడ్డ నలుగురు కుర్రాళ్ళు వాళ్ళు. ఇప్పుడు వాళ్ళ పాటలకంటే ఆ పాటల వెనక కథలకు గిరాకీ ఎక్కువ. ఏ పాట ఏ జ్వరంలో పుట్టింది, ఏ పిల్ల పొమ్మంటే పుట్టింది, ఆ పిల్ల ఏ రంగు గౌనులో ఉండి పొమ్మంది అని ఆరా తీసి బతికేవాళ్ళు వేలల్లో ఉన్నారు. శేషఫణి గారు వాళ్ళలో మన వాటా.

ఆయన తేల్చిన సంగతి ఇది. బ్రాస్ బూట్స్ వాళ్ళు పడుచు వయసులో వ్యానేసుకుని ఈ మెట్ట ప్రాంతం మీదుగా పోతూ, ఇంజను వేడెక్కితే నీళ్ళ కోసం నక్కలదొరువులో ఆగారు. ఒకడు బురద బూటుతో బోరింగు చప్టా మీద కాలు పెట్టాడు. ఎదురింటి కొత్త కోడలు తిట్టింది. ఆ తిట్టే 'నాట్ ఆన్ మై స్టెప్' అనే జగత్ప్రసిద్ధమైన పాట. నా మెట్టు మీద కాదు నాయనా అని దాని అర్థం. పాట తాళం కూడా బోరింగు కొట్టే తాళమే. కిర్రు, దబ్బు, కిర్రు, దబ్బు.

"నలుగురు ఎర్రోళ్ళు వచ్చిన మాట నిజమే," అన్నది ఓబులమ్మ, అడిగిన విలేఖరితో. "తిట్టిన మాటా నిజమే. పాట సంగతి నాకేం ఎరుక? ఆ లెక్కన నా మొగుడి మీద ఎన్ని పాటలు రావాల?"

అంతటితో పోవలసిందే. కానీ ఆ ఏడాది పాటల వెనక కథలంటే ప్రభుత్వంలో పైవాళ్ళకు కూడా మోజు పట్టింది. 'గీత జన్మస్థల పరిరక్షణ సంస్థ' అని ఒకటి పుట్టింది. దానికి భవనం వచ్చింది, జీపులు వచ్చాయి, జీతాలు వచ్చాయి. జన్మస్థలం ఒక్కటే రాలేదు. వెతగ్గా వెతగ్గా నక్కలదొరువు దొరికింది.

ప్రత్యేకాధికారి విశ్వంభరరావు జీపు దిగుతూనే బోరింగుకు దండం పెట్టాడు. దాని చుట్టూ తిరిగి ఓబులమ్మ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, సదరు బోరింగు, సదరు బోరింగు యొక్క శబ్దము, సదరు తిట్టు, ఈ మూడింటినీ సంస్థ తన రక్షణలోకి తీసుకోవడమైనది."

"బోరింగును తీసుకుంటే తీసుకో. తిట్టును యాడ పెట్టుకుంటావు నాయనా?"

"అది తమరి వద్దనే భద్రపరచబడును."

బోరింగు పక్కన పాలరాతి పలక లేచింది. చప్టా మీద సిమెంటుతో ఒక బూటు అచ్చు పోశారు. నాద సంరక్షకుడు అనే ఉద్యోగి ఒకతను చెవులకు గొట్టాలు తగిలించుకుని వచ్చి, కిర్రు చప్పుడు ఎంత గట్టిగా ఉందో రోజూ కొలిచేవాడు. అలవాటు కొద్దీ మస్తానమ్మ బోరింగు కాడకు కాస్త ఆముదం రాసింది. కిర్రు తగ్గింది. నాద సంరక్షకుడు తల పట్టుకున్నాడు. చారిత్రక శబ్దాన్ని నూనెతో చెరిపిన నేరం కింద ఆమె మీద కేసు రాసి, కిర్రు తిరిగి రావడానికి బోరింగు కీళ్ళలో ఇసుక పోశారు.

తర్వాత తిట్టు దగ్గరికి వచ్చారు.

ఓబులమ్మను 'వారసత్వ తిట్టు కళాకారిణి'గా నియమించారు. బస్సుల్లో వచ్చిన యాత్రికులు ఒక్కొక్కరు చప్టా మీద బూటు పెట్టడం, ఆమె తిట్టడం, వాళ్ళు ఫొటో తీయించుకోవడం. ముందుగా అసలు తిట్టు ఏమిటో చెప్పమన్నారు. ఆమె మొహమాటం లేకుండా చెప్పింది.

"ఓరి నీ బూట్లు తగలెయ్య, తాగే నీళ్ళ కాడ పేడకాళ్ళు పెడతావంట్రా, దిగరా కిందికి, నీ నెత్తిన పిచ్చుకలు గూడు పెట్ట."

తిట్టు కమిటీకి వెళ్ళింది. 'తగలెయ్య' మీద అగ్నిమాపక శాఖ వారు అభ్యంతరం చెప్పారు. పేడ తమ పరిధిలోని వస్తువని పశుసంవర్ధక శాఖ రాసింది. పిచ్చుకలకు అటవీ శాఖ అనుమతి రాలేదు. 'ఓరి' అన్నది విదేశీ సంబంధాలను దెబ్బతీస్తుందని ఎవరో అన్నారు. ఎన్నో మేజాలు తిరిగి ఆమోదముద్రతో వచ్చిన తిట్టును విశ్వంభరరావు స్వయంగా చదివి వినిపించాడు.

"ఓ గౌరవనీయ యాత్రికా, తమ పాదరక్షలు సదరు చప్టాను అపరిశుభ్రపరచు అవకాశము ఉన్నందున, తాము తక్షణమే దిగవలసినదిగా కోరడమైనది."

ఓబులమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. "ఇది తిట్టా, పెళ్ళి పిలుపా?"

"ఇది ప్రామాణిక తిట్టు అమ్మా."

"ఇట్టా తిడితే వాడు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు."

ఆ మాటే నిజమైంది. యాత్రికులు తిట్టు విని, ఇంకెప్పుడు తిడుతుందని ఎదురుచూస్తూ గంటలకొద్దీ చప్టా మీదే నిలబడేవారు. వాళ్ళ వెనక బిందెలతో ఆడవాళ్ళు నిలబడేవారు. వాళ్ళకు కూడా ఒక నియమం వచ్చింది. పాట తాళం తప్పకుండా కొట్టాలి. ఆ పాటేమో నిదానమైన పాట. మధ్యలో గిటారు ఒక్కటే మోగే చోట బోరింగు ఆపేసి, తలలు ఊపుతూ నిలబడాలి. బిందె నిండేసరికి బియ్యం కడిగిన చెయ్యి ఆరిపోయేది. అయినా ఆడవాళ్ళు తలలు ఊపారు. నీళ్ళు పడుతున్నంతకాలం దేనికైనా ఊపుతారు.

అంతలో నాద సంరక్షకుడి నివేదిక వచ్చింది. కొట్టిన ప్రతిసారీ కిర్రు కొంత అరుగుతున్నదట. ఊరివాళ్ళు ఇలాగే నీళ్ళు కొట్టుకుంటూ పోతే రాబోయే తరాలకు కిర్రు మిగలదట. విశ్వంభరరావు రాత్రికి రాత్రి నియమం రాయించి, తెల్లారేసరికి బోరింగు కాడకు గొలుసేసి తాళం పెట్టాడు. ఇకమీదట బ్రాస్ బూట్స్ బృందపు అసలు సభ్యులు తప్ప మరెవరూ దాన్ని ముట్టరాదు. గ్రామస్థులు వీధి చివర గల ఉప్పునీటి కుళాయిని వినియోగించుకొనవలెను. సంస్థ ఉద్యోగుల తియ్యటి నీళ్ళు మాత్రం క్యాన్లలో జీపు మీద వచ్చేవి.

ఆ పొద్దున బిందె పట్టుకుని వచ్చిన ఓబులమ్మ తాళం చూసింది. మస్తానమ్మ చంటిపిల్లకు విరోచనాలు, ఉప్పునీళ్ళు పడవు. వీధిలో ఇద్దరు ముసలివాళ్ళకు బోరింగు రాకముందు తాగిన ఉప్పునీళ్ళ మూలంగా కీళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. ఓబులమ్మ బిందె కింద పెట్టి, విశ్వంభరరావు మీదికి నడిచింది. సరిగ్గా అప్పుడే ఒక బస్సు వచ్చి ఆగింది.

"ఏమయ్యా, నీ జీపుకు గడ్డి మొలవ. చంటిబిడ్డ నోట్లో ఉప్పునీళ్ళు పోసి, ఇనప కాడకు తాళం పెట్టి కాపలా కాస్తావా? నీ నాలిక ఎండి తాటాకై గలగల్లాడ. నీ పిల్లలకు పోస్తావా ఈ నీళ్ళు? మేం చచ్చినాక ఈ కిర్రు ఎవుడు ఇంటాడు, నీ కుర్చీ ఇంటదా? తియ్యి తాళం."

 ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.  బస్సులోంచి దిగినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఏడ్చింది కూడా. మళ్ళీ ఒకసారి అనమని, ఈసారి వెలుతురు వైపు తిరిగి అనమని ఫోను పట్టుకున్న కుర్రవాడు అడిగాడు. విశ్వంభరరావు ముఖం వెలిగిపోయింది.

"అద్భుతం. ప్రామాణిక తిట్టును తక్షణమే రద్దు చేయడమైనది. రేపటినుంచి ఇదే తిట్టు. సాయంత్రం కూడా ఒక ప్రదర్శన పెట్టెదము. కన్నీరు మాత్రం చివర కాకుండా మధ్యలో వచ్చునట్లు చూడగలరు."

ఓబులమ్మ అతని వంక చూసి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు నోట మాట రాకపోవడం అదే మొదలు. దాహంతో తిట్టినా, కడుపు మండి తిట్టినా చప్పట్లే అయితే ఇక ఈ నోరెందుకు అనుకుంది.

మర్నాడు తలుపు తీసి బయటికి వచ్చింది. చప్టా మీద యాత్రికులు బూట్లు పెట్టి ఎదురుచూస్తున్నారు.

"రండి నాయనా, ఎండన పడి వచ్చారు. చల్లగుండండి. బూట్లు నొక్కుకోవడం లేదు గదా?"

వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మస్తానమ్మ ఓబులమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "అత్తా, ఒంట్లో ఎట్టా ఉంది? నన్ను ఒక్క మాట అను, నా భయం తీరద్ది."

"నిన్నేమంటాను తల్లీ. బంగారం నువ్వు."

మస్తానమ్మ అక్కడికక్కడే ఏడుపు ఎత్తుకుంది.

టికెట్ల అమ్మకం పడిపోయింది. తిట్టు నిరాకరణకు కారణం చూపమని సంస్థ ఓబులమ్మకు తాఖీదు పంపింది. తెచ్చిన బంట్రోతును ఆమె కూర్చోబెట్టి విసనకర్రతో విసిరింది. అతను హడలిపోయి తాఖీదు వెనక్కి పట్టుకుపోయాడు. విశ్వంభరరావు వచ్చి బతిమాలాడు.

"అమ్మా, ఒక్క చిన్న తిట్టు. సంక్షిప్తమైనదే చాలు."

"తాళం తియ్యి బాబూ, నూరేళ్ళు బతుకు."

"నియమము అనుమతించదు."

"అయితే నువ్వూ చల్లగుండు, నీ నియమమూ చల్లగుండాల."

దిక్కు తోచక సంస్థ ఆఖరి అస్త్రం తీసింది. బ్రాస్ బూట్స్ బృందం నుంచి ఒకరిని రప్పించి, ఆయన ఎదుట తిట్టించాలని. ఎదురుగా అసలు మనిషి నిలబడితే ఆమెకు పాత కోపం దానంతట అదే వస్తుందని వాళ్ళ అంచనా. నలుగురిలో ఇద్దరు పోయారు. ఒకడు గొర్రెలు పెంచుకుంటూ ఎవరితోనూ మాట్లాడటంలేదు. మిగిలింది డ్రమ్ములు వాయించే ఆయన, బార్నబీ. పాట రాసింది కూడా ఆయనే.

మామిడాకుల తోరణాలు, విలేఖరులు, కెమెరాలు. కారులోంచి చేతికర్ర పట్టుకుని ఒక పొడుగాటి ముసలాయన దిగాడు. జుట్టంతా రాలిపోయి, నెత్తి మీద పిచ్చుకలు గూడు పెట్టుకునే వీలే లేదు. దుబాసీగా ప్రొఫెసరు శేషఫణి పుస్తకం చంకలో పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. బార్నబీ బోరింగును చూశాడు, పాలరాతి పలకను చూశాడు, సిమెంటు బూటును చూశాడు. శేషఫణితో ఏదో అన్నాడు. శేషఫణి నీళ్ళు నమిలాడు.

"ఏమంటన్నాడు?" అని ఓబులమ్మ అడిగింది.

"ఏం లేదు, ప్రయాణపు బడలిక."

"అంత పొడుగు మాట బడలికా? చెప్పు నాయనా. ఈ బోరింగు నీళ్ళు తాగినోడివి గావు గానీ, ఉన్నది చెప్పు."

విలేఖరులు కూడా మూగారు. శేషఫణికి చెప్పక తప్పలేదు. "అదీ... ఆ పాట ఈ ఊరికి రాకముందే రాశానంటున్నారు. వాళ్ళ ఊళ్ళో ఈయన అద్దెకున్న ఇంటావిడ రోజూ గుమ్మం మెట్టు తోమి కడిగేదట. ఈయన బురద బూటుతో ఎక్కితే బ్రష్షు పెట్టి కొట్టిందట. ఆ పాట ఆవిడ మీదట. ఇక్కడ నీళ్ళు తాగినట్టు మాత్రం గుర్తుందట. అంత తియ్యటి నీళ్ళు మళ్ళీ ఎక్కడా తాగలేదట."

 విశ్వంభరరావు గొంతు సవరించుకున్నాడు.

"పాట రాసినంత మాత్రాన దాని వెనక కథ చెప్పే అధికారము ఈయనకు ఏ నియమము కింద సంక్రమించినది? సంస్థ తీర్మానము ప్రకారము పాట ఇక్కడే పుట్టినది. అభ్యంతరమున్నచో ఈయన అర్జీ పెట్టుకొనవచ్చును."

"పైగా వయసు మీద పడింది," అన్నాడు శేషఫణి. "నా పుస్తకం మూడో ముద్రణలో ఉంది."

ఓబులమ్మకు ఇంగ్లీషూ రాదు, తీర్మానాలూ రావు. ముసలాయన చెమటలు కక్కుతూ, బోరింగు వంక చూస్తూ పెదవులు తడుపుకోవడం మాత్రం చూసింది. ఆమె నవ్వింది.

"సారూ, ఈ బోరింగును ముట్టుకునే హక్కు ఎవురికి ఉందన్నావు?"

"బృందపు అసలు సభ్యులకు మాత్రమే."

"మరి ఈయన ఎవురంట?"

 విశ్వంభరరావు నియమాన్ని నిలబెట్టి, కూర్చోబెట్టి, వెనకనించి చదివాడు. ఎటునించి చదివినా బార్నబీ అసలు సభ్యుడే. జేబులోంచి తాళంచెవి తీసి గొలుసు విప్పాడు.

ఓబులమ్మ గాలిలో బోరింగు కొట్టి చూపించింది. ముసలాయన చేతికర్ర పారేసి కాడ పట్టుకున్నాడు. కిర్రు, దబ్బు. ధార పడింది. దోసిలి పట్టి తాగి, కళ్ళు మూసుకున్నాడు. అంతలో మస్తానమ్మ బిందె పెట్టింది. దాని వెనక ఇంకో బిందె. ఆ వెనక డ్రమ్ములు, గంగాళాలు, బకెట్లు, పెళ్ళికి తప్ప అటక దిగని అండాలు. డ్రమ్ములు వాయించిన చెయ్యి కదా, వయసు మరిచిపోయింది. కెమెరాలన్నీ అటే తిరిగాయి. ఆపమంటే లోకం మొత్తం చూస్తుందని విశ్వంభరరావు చప్పట్లు కొడుతూ నిలబడ్డాడు.

కానీ బిందెలు అయిపోకముందే ముసలాయన అయిపోయాడు. చప్టా మీద కూలబడి రొప్పాడు. ఓబులమ్మ చెంగుతో ఆయన మొహానికి విసురుతూ శేషఫణిని పిలిచింది.

"ఆయన ఒక్కడే ఎన్నాళ్ళు కొడతాడు? మేళంలో మనుషులు కరువైనట్టున్నారు. కొత్తోళ్ళను చేర్చుకుంటాడేమో అడుగు."

శేషఫణి అడిగాడు. ముసలాయన ఓబులమ్మను ఎగాదిగా చూసి, మీరేం వాయిస్తారని అడిగాడు. ఓబులమ్మ లేచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, కాడ అందుకుంది. కిర్రు, దబ్బు, కిర్రు, దబ్బు. పాట తాళం కాదు, పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే కొట్టే తాళం. ముసలాయన ఒళ్ళంతా కదిలేట్టు నవ్వి, ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

"చేర్చుకున్నారు," అన్నాడు శేషఫణి నీరసంగా.

"అసలు సభ్యురాలు కాదు కదా," అని విశ్వంభరరావు అడ్డం వచ్చాడు.

బార్నబీకి ఆ ముక్క చెప్పారు. బృందం పెట్టింది తాననీ, అసలు సభ్యులెవరో కానివారెవరో చెప్పాల్సింది తాననీ ఆయన కెమెరాల ఎదుట చెప్పాడు. ఆ తర్వాత మస్తానమ్మ కొట్టింది. ఆమె అసలు సభ్యురాలైంది. ఆమె చంకలో పిల్ల చెయ్యి కాడకు తాకించారు. అదీ అయింది. సాయంత్రానికి పడమటి వీధి మొత్తం బ్రాస్ బూట్స్‌లో చేరింది. కీళ్ళు బిగిసిన ఇద్దరు ముసలివాళ్ళను మంచాలతో సహా మోసుకొచ్చి చేర్పించారు. ప్రపంచంలో అంత పెద్ద రాక్ బృందం ఇంకొకటి లేదంటారు. అందులో మూడొంతులమందికి ఆ పాటలో ఒక్క ముక్కా ఇంతవరకూ అర్థం కాలేదు.

కారు వెళ్ళిపోయింది. విలేఖరులు పోయారు. ఆ హడావిడిలో జీపు క్యాన్లు తేవడం మరిచిపోయింది. విశ్వంభరరావు పొద్దుటినించి ఎండలో నిలబడి ఉన్నాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. మెల్లగా బోరింగు దగ్గరికి వచ్చాడు. ఓబులమ్మ నీళ్ళు కొడుతున్నది.

"అమ్మా, కొంచెం దాహం."

ఆమె ఆపింది. అతన్ని పైనించి కిందికి చూసింది. అతని కాళ్ళకున్న బూట్లు చూసింది. తిడుతుందేమోనని వీధి అంతా చెవులు రిక్కించింది.

"నువ్వు మా మేళంలో లేవు గదయ్యా."

"నన్ను కూడా చేర్చుకోవలసిందిగా కోరడమైనది."

"ఏం వాయిస్తావు?"

 విశ్వంభరరావు తన సర్వీసులో ఏ ఆఫీసులోనూ, ఏ కుర్చీలోనూ తను ఇంతవరకూ ఏం చేశాడో మొదటిసారి వెతుక్కున్నాడు. చివరికి వంగి, బూట్ల లేసులు విప్పి, వాటిని చప్టా కింద విడిచి, బోరింగు కాడ మీద చెయ్యి వేశాడు.

"ముందు వాళ్ళ బిందెలు నింపు," అన్నది ఓబులమ్మ. "నీ వరస వచ్చినప్పుడు తాగుదువు గాని. ఓరి నీ చేతులు పడిపోను, నీళ్ళు కొట్టడం కూడా నేనే నేర్పాలంట్రా? గట్టిగా కొట్టు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మస్తానమ్మ మాత్రం హమ్మయ్య అనుకుని, తన బిందెను వరసలో ముందుకు జరిపింది.